లేవని పంక్తి

దంగేటి పేర్రాజు గారి కుటుంబం కాకినాడలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇటాలియన్ హోటల్లో భోజనానికి కూర్చుంది. అప్పటికి మూడో తరగతి చదువుతున్న మనవరాలు ఈమధ్యే డిగ్రీ పూర్తిచేసింది గానీ, ఆ భోజనం మాత్రం ఇంకా పూర్తికాలేదు. ఇందులో హోటలు వాళ్ళ తప్పేమీ లేదు. వడ్డన ఆలస్యం కాలేదు, వంటకి వంక పెట్టిన వాళ్ళూ లేరు. పంక్తిలో పెద్దవారు లేవనిదే మిగతావాళ్ళు లేవకూడదు. పెద్దవారు పేర్రాజు గారు. ఆయన ఇంకా తింటున్నారు. అంతే సంగతి.

కూర్చున్నది ఐదుగురు. పేర్రాజు గారు ఇరిగేషన్ శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి కుడిపక్కన పెద్దకోడలు అరుంధతి, ఆమె పక్కన కూతురు ప్రణవి. ఎడంపక్కన చిన్నకొడుకు జగదీశ్, అతని భార్య హైమ. పెద్దకొడుకు శ్రీహరి అంతకు ముందే జబ్బు చేసి పోయాడు. అతని ఉద్యోగం అరుంధతికి ఇచ్చారు. పొద్దున్న అందరికీ వండిపెట్టి ఆఫీసుకి, సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా వంటింట్లోకి, ఇలా కొన్నాళ్ళు తిరిగాక ఆమెకి ఓపిక అయిపోయింది. రామారావుపేటలో మేడమీద రెండు గదుల వాటా ఒకటి చూసుకుంది. జగదీశ్ కూడా అప్పటికే ఫ్లాటు మాట్లాడుకున్నాడు. పోట్లాటలు లేవు, పంతాలు లేవు. విడిపోదామని అందరూ మర్యాదగా ఒప్పుకున్నారు. తెల్లవారితే సోమవారం, ఆ రెండు గదుల్లో అరుంధతి పాలు పొంగించుకోవాలి.

"విడిపోయే ముందు ఒక్కపూట అందరం కలిసి భోంచేద్దాం" అన్నారు పేర్రాజు గారు. అక్కడ చిక్కు వచ్చింది. ఇంట్లో అయితే అరుంధతి వండాలి, ఆఖరి రోజు కూడా ఆవిడచేతే చాకిరీ చేయించారని నలుగురూ అంటారు. హైమ వండితే ఇన్నాళ్ళూ ఎందుకు వండలేదని అడుగుతారు. బయటి నుంచి తెప్పిస్తే పులిహోర తిని, పోయిన మీ అత్తగారి పులిహోర ముందు ఇదేపాటి అని ఎవరో ఒకరు అననే అంటారు. చివరికి హైమే దారి చెప్పింది. మన ఇంటావంటా లేని వంటైతే ఎవరి వంటతోనూ పోల్చడానికి ఉండదు కదా అంది. అలా ఇటలీ వంట ఖాయమైంది.

జగన్నాథపురం వంతెన దిగి ఎడమచేతికి తిరిగితే కనిపించే "బెల్లా మరీనా ఇటాలియన్ ఫ్యామిలీ రెస్టారెంట్" పినపోతు ధర్మరాజు కుటుంబానిది. అతను కుర్రతనంలో ఒక ఇటలీ సరుకు ఓడలో అంట్లు కడగడానికి చేరి, వంటవాడై తిరిగొచ్చాడు. ముందు గదిలో హోటలు, వెనక గదుల్లో కాపురం. టమాటాలు ఉడికించి గుజ్జు కాచేది అతను. పిండి పిసికేది, పల్చగా వత్తేది, గిన్నెలు తోమేది, బల్లలు తుడిచేది అతని భార్య గంగాభవాని. ఆ ఇంటి పద్ధతులు ఆ ఇంటికున్నాయి. భోజనానికి కూర్చున్నవాళ్ళని లెమ్మనడం పాపం. అతిథులు లేవనిదే ఇంటివాళ్ళు తినకూడదు. తినేవాళ్ళుండగా షట్టర్ దించకూడదు. ఈ పద్ధతులు, ఆ పద్ధతి ఒకే బల్ల దగ్గర కలుసుకుంటాయని ఎవరు మాత్రం అనుకుంటారు?

మొదట సూపు వచ్చింది. తరవాత వెల్లుల్లి రాసిన రొట్టె. ఆ తరవాత రవియోలీ అనేది వచ్చింది. మైదాపిండిలో కూరపెట్టి, అంచులు నొక్కి ఉడకబెట్టి, పైన ఎర్రటి గుజ్జు పోస్తారు. చూడ్డానికి చదరంగా చేసిన కజ్జికాయలా ఉంటుంది. పేర్రాజు గారు ఫోర్కు పక్కన పెట్టి, చేత్తో తినకపోతే తిన్నట్టుండదన్నారు. మిగతావాళ్ళూ చేతులు పెట్టారు. ఆయన ఒక్కొక్కటే తిన్నారు. ప్లేటులో ఒక్కటి మిగిలింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకోబోయి, తల ఎత్తి చుట్టూ చూశారు. జగదీశ్ అప్పటికే బండి తాళాలు బల్లమీద పెట్టాడు. హైమ పర్సు ఒళ్ళో పెట్టుకుంది. అరుంధతి ఇంటి దగ్గర మినప్పప్పు నానబోసి వచ్చింది, సాయంత్రం రుబ్బుకుని, కొత్త ఇంట్లో పొద్దున్నే ఇడ్లీ వేసుకోవాలని. ఆమె గోడ గడియారం వంక చూస్తోంది. పేర్రాజు గారు చెయ్యి వెనక్కి తీసుకుని కుర్చీలో వెనక్కి వాలారు.

"ఎవరూ తొందరపడకండి. నిదానంగా తినండి" అన్నారు.

అందరూ నిదానంగా తిన్నారు. పద్ధతి గల పిల్లలు. సాయంత్రమైంది. ధర్మరాజు వచ్చి, ఇంకేమైనా కావాలా అని అడిగాడు. ప్లేటులో ఇంకా ఉంది కదా అన్నారు పేర్రాజు గారు. ఉన్నమాటే. రాత్రికి మారు వడ్డించారు. పొద్దున్నే మళ్ళీ వడ్డించారు. పెద్దాయన మాత్రం ఎంత తిన్నా ఆఖరున ఒక ముక్క ఉంచుకునేవారు. సోమవారం పాలు పొంగలేదు. మినప్పప్పు సంగతి ఏమైందో తెలీదు. తాళం చెవి మాత్రం అరుంధతి సంచిలోనే ఉండిపోయింది. ఇంటి యజమానురాలు మంచిది, వాటా మరొకరికి ఇవ్వలేదు.

ఇలాంటివి మొదట్లో కాస్త ఇబ్బందిగా ఉంటాయి గానీ, తరవాత అన్నిటికీ ఒక లెక్క కుదురుతుంది. లఘుశంకలకీ స్నానాలకీ ఎలాగని హైమ రెండోరోజే అడిగింది. పేర్రాజు గారు ఆఫీసు రూళ్ళు చదివిన మనిషి, ఆలోచించి తీర్పు చెప్పారు. కంచం ముందునుంచి లేవకూడదన్నారే గానీ, కంచం మనిషి వెంట వెళ్ళకూడదని ఎక్కడా లేదు. కాబట్టి ప్లేటు ఎడమచేత్తో పట్టుకుని వెనక గదుల్లోకి వెళ్ళి రావచ్చు. అయితే ఆ ప్లేటుతోనే ఇంటికి వెళ్ళిపోవచ్చు కదా అని జగదీశ్ అడిగాడు. ప్లేటు హోటలుది, షట్టర్ దాటించడం దొంగతనమవుతుంది అన్నారాయన. అందరికీ సబబుగానే తోచింది.

ఇక కుడిచెయ్యి. పెద్దవారు కడగకముందు కడుక్కోకూడదు కాబట్టి, అందరి కుడిచేతులూ ఎంగిలిగానే ఉన్నాయి. వేళ్ళమీద టమాటా గుజ్జు ఎండి, దానిమీద మళ్ళీ కొత్తది చేరి, మొదట్లో దురద పెట్టేది, తరవాత అలవాటైంది. ప్రణవి ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. ప్రభుత్వ కాగితాల మీద వేలిముద్ర ఎటూ ఎడమచేతి బొటనవేలిదే గనక ఆ వైపు నుంచి ఏ ఇబ్బందీ రాలేదు. ఆధార్ కార్డుల్లో చిరునామా మార్చారు: రెండో నంబరు బల్ల, బెల్లా మరీనా, జగన్నాథపురం. జనాభా లెక్కల ఆవిడ వచ్చి, గదులెన్ని అని అడిగి, బల్ల ఒకటి, కుర్చీలు ఐదు అని రాసుకుని వెళ్ళింది. ఊళ్ళో జబ్బు వ్యాపించి హోటళ్ళన్నీ మూయమన్నప్పుడు ఒక అధికారి వచ్చి చూసి, ఇది హోటలు కాదు, నివాసం అని తేల్చాడు. ఆ కొన్ని నెలలూ ఊరంతా ఇళ్ళలోంచి కదలకుండా కూర్చుంటే, దంగేటి వాళ్ళకి అదేమంత వింతగా అనిపించలేదు.

అరుంధతి ఉద్యోగానికీ ఢోకా రాలేదు. మనిషి సీట్లో లేకపోవడం ఆ ఆఫీసుకి కొత్త కాదు. ఫైళ్ళు హోటలుకే వచ్చేవి. ఆమె ఒక్కతే వాటిని చూసి పంపేది గనక పై అధికారులు ఆమెను మెచ్చుకున్నారు కూడా.

బయటివాళ్ళకి ఈ కుటుంబమంటే ఎంత ముచ్చటో చెప్పలేం. పక్క బల్లల మీద తినడానికి వచ్చినవాళ్ళు వీళ్ళని చూపించి తమ పిల్లలకి బుద్ధులు చెప్పేవారు. "చూడు, ఎంత బాగా కలిసి కూర్చున్నారో! మన ఇంట్లో ఒక్కరోజైనా ఇలా తింటామా?" అనేవారు. కొందరు ఫొటోలు తీసుకునేవారు. ఊళ్ళోని ఒక సాంస్కృతిక సంఘం వాళ్ళు ఆదర్శ ఉమ్మడి కుటుంబమని పేర్రాజు గారికి శాలువా కప్పారు. అధ్యక్షుల వారు చాలాసేపు మాట్లాడారు. పేర్రాజు గారు కూర్చునే జవాబు చెప్పారు. "నేను చేసిందేమీ లేదండీ. మా ఇంట్లో ఇంతవరకూ ఒక్కరు కూడా కంచం ముందునుంచి లేవలేదు, అదే నాకు తృప్తి" అన్నారు. చప్పట్లు మోగాయి. దంగేటి వాళ్ళు కొట్టలేదు, ఒక చెయ్యి ఎంగిలిది కదా.

శాలువా కప్పిన రోజు అరుంధతి ప్లేటు పట్టుకుని వెనక పెరట్లోకి వెళ్ళి నూతి గట్టు మీద కూలబడింది. గంగాభవాని అక్కడే పొయ్యి పక్కన నిలబడి, గిన్నెలోంచి నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంటోంది. అతిథులు లేవకుండా ఇంటివాళ్ళు తినకూడదు గానీ, నిలబడి తిన్నది తిండి కిందకి రాదని వాళ్ళ అత్తగారే చెప్పి పోయింది. ఆ లెక్కన మన రాష్ట్రంలో సగంమంది ఆడవాళ్ళు పెళ్ళయ్యాక భోజనమే చేసి ఉండరు, అది వేరే సంగతి.

"ఏటండీ అరుంధతిగారూ, ఇయ్యాల కూడా ముగించలేదా పెద్దాయన?" అంది గంగాభవాని.

"ముగిస్తానన్నారు."

"ఆయ్. రోజూ అంటన్నారు గదండీ."

అరుంధతి గొంతు తగ్గించింది. "గంగా, ఒక్క మాట. ఆయన అటు తిరిగినప్పుడు ఆ ప్లేటు తీసెయ్యకూడదూ? నీకు పుణ్యముంటుంది."

"అమ్మమ్మా! తినేవోళ్ళ ముందు కంచం లాగేత్తామా? మా అత్త పైనుండి సూత్తా ఉంటాదండీ, నన్ను బతకనివ్వదు."

"మీ అత్త పోయి ఎన్నాళ్ళయింది?"

"పోతే మట్టుకు? పెద్దోళ్ళు పోతే మాత్రం ఎక్కడికి పోతారండీ?" అని గంగాభవాని పమిటచెంగుతో మొహం తుడుచుకుంది. "మీరు లేత్తే నేనూ ఓ పూట పీటేసుకుని కూకుని తింటానండీ. కూకుని తినాలని ఉందండీ నాకు."

అరుంధతికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. గంగాభవాని ఆమె ప్లేటులో రెండు ముక్కలు వేసి, పిండి వత్తడానికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అరుంధతి మామగారితో తెగించి మాట్లాడింది. "మావయ్యగారూ, ఆ ముక్క చల్లారిపోయింది."

"తింటానమ్మా. తొందరేముంది?"

"తొందర ఉంది మావయ్యగారూ. నాకు ఒక వంటిల్లు కావాలి. నాదీ అనుకునే వంటిల్లు. అందులో నాకు, నా కూతురికి మాత్రమే వండుకోవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. పొయ్యి కొనిపెట్టాను, దాని అట్టపెట్టె కూడా విప్పలేదు."

పేర్రాజు గారు కోప్పడలేదు. ఆయన కోప్పడి ఉంటే ఎంత బాగుండేదో అని ఆమె తరవాత చాలాసార్లు అనుకుంది. ఆయన ప్లేటులోని ముక్క వంకే చూస్తూ కూర్చున్నారు.

"నాకు తెలుసమ్మా. నేను ముద్ద నోట పెట్టుకుని చెయ్యి కడిగాననుకో, నీళ్ళ చప్పుడు ఆగేలోపు మీరు నలుగురూ గుమ్మం దాటేస్తారు. తప్పు కాదు. నేనైనా అంతే చేసేవాణ్ణి. కానీ ఆ తరవాత ఈ బల్ల ముందు ఒక్కణ్ణీ కూర్చోవాలి కదా. నాకు భయమమ్మా" అన్నారు.

ఆ మాట జగదీశ్ విన్నాడు, హైమ విన్నది. ధర్మరాజు వచ్చి చీజ్ తురిమి వెళ్ళాడు.

అరుంధతి మళ్ళీ అడగలేదు. కానీ తన కోరికని మాత్రం వదులుకోలేదు. ప్రణవికి జడ వెయ్యడం ఎడమచేత్తో కుదరక జుట్టు కత్తిరించాల్సి వచ్చినప్పుడు, పిల్ల ఏడుస్తుంటే, మన ఇంటికి వెళ్ళాక పెంచుకుందువుగానిలే అని చెప్పేది. ఆ రెండు గదులూ ఎలా ఉంటాయో చెప్పేది. వంటింటి కిటికీలోంచి ఎండ తిన్నగా గట్టు మీద పడుతుందిట. ప్రణవి ఆ గట్టు మీద కూర్చుని చదువుకుంటుందిట, తను పక్కనే పప్పు తాలింపు వేస్తుందిట. పిల్ల మొదట్లో ఊ కొట్టేది. పెద్దయ్యాక ఊ కొట్టడం మానేసింది. అయినా తల్లి చెప్పడం మానలేదు.

ప్రణవి చదువంతా రెండో నంబరు బల్ల దగ్గరే సాగింది. పరీక్షలకి ఎవరో ఒక పర్యవేక్షకుడు వచ్చి, ఎదురుగా కుర్చీ వేస్తామంటే భయపడి, నిలబడే ఉండేవాడు. ఆ బల్ల దగ్గర కూర్చోవడమంటే అందరికీ భయమే. పిల్ల తెలివైనది. డిగ్రీ అవగానే అనకాపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. కానీ వాళ్ళు మనిషి రావాలన్నారు. ప్రైవేటు వాళ్ళు కదా, రాకుండా జీతం ఇవ్వరు.

"తాతయ్యా, నేను వెళ్ళి చేరాలి" అంది ప్రణవి.

"తప్పకుండా చేరుదువుగానిలే తల్లీ. ముందు భోజనం కానీ."

"తాతయ్యా, నేను నిజంగా చేరాలి. వాళ్ళు ఈ నెలాఖరు దాకే ఆగుతామన్నారు."

పేర్రాజు గారు మనవరాలి మొహంలోకి చూశారు. ఆ పిల్ల ఆయనకి ప్రాణం. ఆయన చెయ్యి ముక్క దాకా వెళ్ళింది కూడా. వేళ్ళు ముక్కని తాకాయి, అక్కడే ఉండిపోయాయి. చాలాసేపటి దాకా ఆయన దాన్ని ఎత్తలేదు. జగదీశ్ లేవబోయి, లేవకూడదని గుర్తొచ్చి, కూర్చునే ఆయన భుజం పట్టి కదిపాడు. ధర్మరాజు డాక్టరు కోసం పరిగెత్తాడు. డాక్టరు వచ్చి, అయిపోయిందండీ అన్నాడు.

ఈ మాట రాయడానికి బాగోలేదు గానీ, ఆ క్షణంలో నలుగురూ ముందు చూసింది ప్లేటులోకే. ముక్క అలాగే ఉంది. చూసినందుకు ఎవరికి వాళ్ళే సిగ్గుపడ్డారు. ఆ తరవాతే ఏడ్చారు.

పెద్దాయనని సాగనంపడానికి చుట్టాలొచ్చారు. బల్ల దగ్గర మిగిలిన నలుగురూ షట్టర్ దాటడానికి లేదు. నిప్పుకుండకి జగదీశ్ గుమ్మంలోనే ఎడమచెయ్యి తాకించి, మేనత్త కొడుకు చేతికిచ్చి పంపాడు. కర్మలు చేయించే బ్రహ్మగారు ఇలాంటివి ఎన్నో చూసినవాడిలా అన్నిటికీ దారి చెప్పాడు. పంక్తి గురించి అడిగితే కాసేపు ఆలోచించాడు.

"ఆయన భోంచేసి లేవలేదు. మధ్యలో వెళ్ళిపోయారు. కాబట్టి పంక్తి పంక్తిగానే ఉంది. ఇప్పుడున్నవాళ్ళలో పెద్దవారు ఎవరో వారు ముగించి లేస్తే, మిగతావాళ్ళు లేవచ్చు."

"పెద్దవారు ఎవరు?" అంది హైమ.

శ్రీహరి పోయినప్పుడు రేషన్ కార్డులో ఇంటిపెద్దగా ఎవరి పేరు రాయించాలన్న మాట వస్తే, ఆడవాళ్ళకి పెద్దరికమేమిటి అన్నవాడు జగదీశ్. ఇప్పుడు అతనే చేతులు జోడించబోయి, కుడిచెయ్యి ఎంగిలని గుర్తొచ్చి, తల మాత్రం వంచాడు.

"వదినే పెద్ద. వయసులోనూ పెద్దే, వరసలోనూ పెద్దే. వదినంటే తల్లితో సమానం. నేనెప్పుడూ అదే మాట మీదున్నాను" అన్నాడు.

అందులో అతని ఆశ అతనికుంది. ఆ బల్ల దగ్గర అందరికన్నా ముందు లేవాలని కోరుకున్నది అరుంధతి. పెద్దరికం ఆమెకి ఇస్తే అరనిమిషం పట్టదని అందరికీ తెలుసు. హైమ కూడా, అవునక్కా, మీరే పెద్ద అంది. ఇన్నేళ్ళలో ఆవిడ అరుంధతిని మీరు అనడం అదే మొదలు. కర్మలన్నీ పెరట్లో జరిగాయి. అవి అయిన మర్నాడు పేర్రాజు గారి కుర్చీ ఖాళీగా వదిలేసి, నలుగురూ బల్ల ముందు సర్దుకున్నారు. గంగాభవాని వేడివేడిగా రవియోలీ తెచ్చి వడ్డించింది. వంటింట్లో పీట వాల్చి ఉంచుకుంది.

అరుంధతి తినడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి. రుచి ఏమీ తెలీలేదు. సంచిలోంచి తాళం చెవి తీసి బల్లమీద పెట్టింది. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ కొబ్బరినూనె రాస్తూ ఉండేది దానికి. ప్లేటులో ఒక్క ముక్క మిగిలింది. దాన్ని చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, కొంచెం త్వరగా. బస్సు టికెట్టు తీసేసుకున్నాను" అంది ప్రణవి.

"బస్సేమిటే? ముందు ఇంటికి వెళ్ళి పాలు పొంగించుకుందాం. రేపు పొద్దున్న వెళ్దువుగాని. ఇదిగో, తాళం నువ్వే తియ్యి."

"నాకెందుకమ్మా తాళం? నేను అనకాపల్లి హాస్టల్లో ఉంటాగా. నువ్వు వెళ్ళి పొంగించుకో. సెలవులకి వస్తాను."

పిల్ల పెడసరంగా అనలేదు. ఉన్నమాట అంది. అరుంధతి ముక్క చేతిలో పట్టుకునే జగదీశ్ వైపు చూసింది. అతను బల్లకింద వంగి చెప్పుల్లో కాళ్ళు దూరుస్తున్నాడు. ఫ్లాటు తాళాలు అతని చొక్కా జేబులోంచి కనిపిస్తున్నాయి. హైమ పర్సు భుజానికి తగిలించుకుని, గుమ్మం వైపు సగం తిరిగి కూర్చుంది. ఒక్కరూ తన వంక చూడటం లేదు. అందరి చూపూ వీధి మీదే ఉంది.

ఆమెకి ఆ రెండు గదులూ కళ్ళముందు కనిపించాయి. కిటికీ, ఎండ, గట్టు. గట్టు మీద ఎవరూ లేరు. అట్టపెట్టె విప్పి పొయ్యి వెలిగించింది. గిన్నె పెట్టింది. బియ్యం డబ్బా తెరిచింది. అక్కడ ఆగిపోయింది. ఒక్క మనిషికి బియ్యం ఎంత పొయ్యాలి? పుట్టింట్లో ఏడుగురికి వండేది. అత్తింట్లో ఆరుగురికి. ఒక్కదానికి ఎన్ని గుప్పెళ్ళు పొయ్యాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె ఎన్నడూ ఎవరినీ అడగలేదు. ఇన్నాళ్ళూ ఎవరి మీద కోపంతో తను కుతకుతలాడిందో ఆ మనిషి కుర్చీ పక్కనే ఖాళీగా ఉంది. ఆమెకి మొదటిసారి ఆయన మీద జాలి కలిగింది. ఆ వెంటనే భయం వేసింది.

ముక్కని నెమ్మదిగా ప్లేటులో పెట్టింది.

"అక్కా?" అంది హైమ.

"ఎవరూ తొందరపడకండి. నిదానంగా తినండి" అంది అరుంధతి.

జగదీశ్ ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా అలాగే తల పైకెత్తాడు. ఏదో అనబోయాడు. తల్లితో సమానమని పెద్దాయన పోయిననాడు తనే అన్నాడు కాబట్టి ఏమీ అనలేదు. హైమ పర్సు భుజం మీంచి దించి ఒళ్ళో పెట్టుకుంది. వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసిన గంగాభవాని పీట ఎత్తి గోడకి చేరవేసింది.

"గంగా, కాస్త చీజ్ తురమమ్మా. ప్రణవి సరిగ్గా తినలేదు" అని పిలిచింది అరుంధతి.

"ఆయ్, తెత్తన్నానండీ."

ప్రణవి తల్లి మొహంలోకి చూసింది. ఎడమచేత్తో ఫోన్ తీసి, బస్సు టికెట్టు రద్దు చేసింది. కాలేజీ వాళ్ళకి, భోజనం కాగానే వస్తానని మెసేజ్ పెట్టింది. బల్లమీది తాళం చెవి తీసి తన సంచిలో వేసుకుంది. తల్లి తరవాత బాబాయి, బాబాయి తరవాత పిన్ని, ఆ తరవాత పెద్దరికం తనది. గంగాభవాని వచ్చి చీజ్ తురిమి వెళ్ళాక, ఆ పిల్ల ఒక్కటొక్కటే తింది. ఆఖరి ముక్కని వేలితో ప్లేటు అంచుకి జరిపి, దాన్ని అక్కడే ఉంచింది.